అమెరికా ఊళ్లలో బస్సు, రైలు ఎక్కేది వందకు ముగ్గురా, సగం మందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు నుంచి ఎమ్మెస్‌కి వెళ్లే పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం తెలుగులో ఒక రెండు పేజీల కాగితం తయారవుతోంది. వీసా, గది అద్దె, బ్యాంకు ఖాతా సంగతులు అయిపోయాయి. రాకపోకల దగ్గరికొచ్చేసరికి లెక్క తేలడం లేదు.

ఒకచోట చూస్తే అమెరికాలో పనికి బస్సులోనో రైల్లోనో వెళ్లేవాళ్లు నూటికి ముగ్గురు నలుగురే అని ఉంది. ఇంకోచోట న్యూయార్క్‌లో సగం మంది అని. మరోచోట దేశం మొత్తం మీద ఏడాదికి 990 కోట్ల ప్రయాణాలు అని. 33 కోట్ల జనాభాకి అంటే తలకు 30 చొప్పున! ఈ మూడూ ఒకే దేశం గురించేనా?

ఇక్కడివాళ్లు అడిగేది మాత్రం ఒక్కటే: కారు లేకపోతే రోజు గడుస్తుందా? సర్వీసు ఆటోలో పాతపట్నం పోయి, అక్కడ బస్సెక్కి టెక్కలి వెళ్లడం అలవాటైన పిల్లలు. డాలస్‌లో మాత్రం ఏదో ఒకటి దొరక్కపోతుందా అని ధీమాగా ఉన్నారు. ఇంటికి అడ్వాన్సు కట్టకముందే ఇక్కడ కూర్చుని చూసుకునే మార్గం ఉంటే చెప్పండి. ఎక్కువగా అడుగుతున్న ఊళ్లు: డాలస్ చుట్టుపక్కల, అట్లాంటా, షికాగో, జెర్సీ సిటీ.

లెక్కలపద్దు (బరంపురం):

మూడూ నిజమే మాస్టారూ. దేన్ని లెక్కపెట్టారో చూస్తే చిక్కు విడిపోతుంది.

నూటికి ముగ్గురు నలుగురు అన్నది అక్కడి జనగణన శాఖ ఏటా చేసే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలోది. అందులో అడిగే ప్రశ్న: పోయిన వారం మామూలుగా పనికి ఎలా వెళ్లారు? 16 ఏళ్లు నిండి, పని చేస్తున్నవాళ్లనే అడుగుతారు. ఒక్క గడిలోనే టిక్కు పెట్టాలి. రెండు మూడు బళ్లు మారితే ఎక్కువ దూరం దేంట్లో వెళ్లారో అదే రాయాలి. ఈ ఒక్క నియమంతో ఎంతమంది జారిపోతారో చూడండి. క్లాసుకి వెళ్లే స్టూడెంటు, ఉద్యోగం లేకపోతే లెక్కలోనే లేడు. బజారుకి, ఆసుపత్రికి బస్సులో వెళ్లేవాళ్లు లేరు. వారానికి నాలుగు రోజులు ఫ్రెండు కారులో, ఒక రోజు బస్సులో వెళ్తే అతను కారు మనిషి. ఇంటి నుంచి 20 మైళ్లు కారు నడిపి, స్టేషన్ దగ్గర పార్కు చేసి, ఆఖరి 10 మైళ్లు రైల్లో వెళ్తే అతనూ కారు మనిషే.

ఆ లెక్కలో 2019లో 5 శాతం. కోవిడ్ తర్వాత 2021లో 2.5కి పడిపోయి, 2023కి మూడున్నర దగ్గరికి వచ్చింది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఇంటి నుంచే పని చేసేవాళ్లు కూడా ఆ వందమందిలోనే ఉంటారు. వాళ్లు 2019లో 5.7 శాతం, 2021లో 17.9, 2023లో 13.8. బస్సు మానేసి కారు కొన్నవాళ్లూ ఉన్నారు గానీ, రైలు దిగి ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లే ఎక్కువ. డౌన్‌టౌన్ ఆఫీసు ఉద్యోగాలే రైళ్లని నింపేవి, ఇంటికి మారిపోయినవీ అవే.

990 కోట్లన్నది 2019 నాటి ఎక్కుడు లెక్క. బండి ఎక్కిన ప్రతిసారీ ఒకటి. పర్లాకిమిడి మనిషి పాతపట్నం దాకా ఒక బండి, టెక్కలికి ఒక బస్సు, అక్కడ మారి శ్రీకాకుళానికి ఇంకో బస్సు ఎక్కాడనుకోండి. మనిషి ఒక్కడే, ప్రయాణం ఒక్కటే, పద్దులో మాత్రం మూడు. సాయంత్రం తిరిగొస్తే ఆరు. చాలా బస్సుల్లో తలుపు పైన ఉండే సెన్సార్లే ఎక్కినవాళ్లని, దిగినవాళ్లని లెక్కేస్తాయి. ఆ ఎక్కుళ్లు 2014లో 1,080 కోట్ల దాకా వెళ్లాయి, 1956 తర్వాత అదే ఎక్కువ. ఇప్పటికి 2019 లెక్కలో మూడొంతులు దాటాయి గాని పూర్తిగా కోలుకోలేదు. 1946లో, దేశ జనాభా ఇప్పటిలో సగం కూడా లేనప్పుడు, 2,300 కోట్లు ఎక్కారని గుర్తుంచుకుంటే ఎక్కడి నుంచి ఎక్కడికి దిగిందో తెలుస్తుంది.

ఇక న్యూయార్క్. దేశం మొత్తంలో పనికి బస్సు, రైలు మీద వెళ్లే పదిమందిలో సుమారు నలుగురు న్యూయార్క్ మహానగర ప్రాంతంవాళ్లే. ఆ ఊరిని పక్కన పెడితే దేశ సగటు ఇంకా కిందికి పోతుంది. 2020కి ముందు లెక్కలు ఉజ్జాయింపుగా: న్యూయార్క్ నగరంలో సగానికి పైన. శాన్‌ఫ్రాన్సిస్కో, బోస్టన్, వాషింగ్టన్‌లో మూడోవంతు అటూ ఇటూ. షికాగోలో పావుకి పైన, ఫిలడెల్ఫియాలో పావు, సియాటిల్‌లో ఐదోవంతుకి పైన. డాలస్, హ్యూస్టన్, ఫీనిక్స్ నూటికి మూడు నాలుగు. ఇవన్నీ నగరం ఎల్లలోపలి లెక్కలు. మన పిల్లలు డాలస్ అని చెప్పే ఇల్లు ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో ఉంటుంది, అట్లాంటా అని చెప్పేది ఆల్ఫరెటాలో ఉంటుంది. ఆ ఇంటికి నగరం శాతం వర్తించదు. మీ కాగితంలో శాతాలకి రెండు లైన్లు చాలు.

పట్టాలబండి (గుణుపూర్):

డాలస్ సంగతి నేను రాస్తాను, ఎందుకంటే అందరూ బోల్తా పడేది అక్కడే.

కాగితం మీద చూస్తే డార్ట్ (డాలస్ ప్రాంత రవాణా సంస్థ) వాళ్ల లైట్ రైలు, అంటే ట్రాము లాంటి కరెంటు రైలు, 93 మైళ్లు, అంటే 150 కిలోమీటర్లు. దేశంలో పొడవైన లైట్ రైళ్లలో అదొకటి. మ్యాపు చూసి, రైలుంది కదా అని ఇల్లు తీసుకుంటారు. ఆ పట్టాలు చాలావరకు పాత గూడ్సు లైన్ల దారుల్లో వేసినవి. స్థలం చవకగా దొరికింది గానీ, ఆ దారుల పక్కన ఇళ్లూ దుకాణాలూ తక్కువ. స్టేషన్ దిగితే చుట్టూ కారు పార్కింగు, అవతల హైవే.

రెండోది పన్ను. ఇది అర్థమైతే ఫ్రిస్కోలో బస్సు ఎందుకు రాదో అర్థమవుతుంది. టెక్సాస్‌లో సేల్స్ టాక్సు రాష్ట్రానికి 6.25 శాతం, ఊరివాటా 2 శాతానికి మించకూడదు. డార్ట్‌లో చేరిన ఊరు ఆ రెండులో ఒక శాతం డార్ట్‌కి ఇవ్వాలి. డాలస్, ఇర్వింగ్, ప్లేనో, రిచర్డ్‌సన్ లాంటి ఊళ్లు అలా ఇస్తున్నాయి. ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్ చేరలేదు. ఆ డబ్బుని వ్యాపారాలు రప్పించడానికి వాడుకున్నాయి. కంపెనీలు వచ్చాయి, తెలుగువాళ్లూ వచ్చారు, డార్ట్ మాత్రం రాలేదు. ప్లేనో ఎల్ల దాటితే రూటు ఆగిపోతుంది. ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రా బస్సు ఆగి ఒడిశా బస్సు మారినట్టు అనుకోకండి. అక్కడ అవతల వైపు మారడానికి బస్సే ఉండదు.

ఆర్లింగ్‌టన్ ఇంకా విచిత్రం. 4 లక్షలకి అటూ ఇటూ జనాభా, మన పిల్లలు గుంపులుగా చేరే యూటీ ఆర్లింగ్‌టన్ అక్కడే. రూటు, టైము ప్రకారం తిరిగే సిటీ బస్సుల వ్యవస్థ ఆ ఊరికి లేదు. 2017 డిసెంబరు నుంచి వియా అనే వ్యాను సర్వీసు నడుస్తోంది. ఫోన్లో బుక్ చేస్తే దగ్గరి మూలకి వస్తుంది, దారిలో ఇంకొందరిని ఎక్కించుకుంటుంది. మన సర్వీసు ఆటోకి చుట్టమే, కాకపోతే చెయ్యెత్తితే ఆగదు. అక్కడ చదివేవాళ్లు క్యాంపస్‌కి నడిచివెళ్లేంత దూరంలో గది తీసుకోవడం తప్ప దారి లేదనుకోండి.

యూటీ డాలస్ పిల్లలకి పరిస్థితి మెరుగు. 2025 అక్టోబరులో మొదలైన సిల్వర్ లైన్ ప్లేనో నుంచి డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు దాకా వెళ్తుంది, యూనివర్సిటీ దగ్గరే స్టేషన్ ఉంది. యూఎన్‌టీ (నార్త్ టెక్సాస్ యూనివర్సిటీ) ఉన్న డెంటన్ నుంచి ఏ-ట్రైన్ వచ్చి ట్రినిటీ మిల్స్ దగ్గర డార్ట్ గ్రీన్ లైన్‌కి కలుస్తుంది.

అట్లాంటాదీ ఇదే కథ, పన్నుకి బదులు ఓటు. అక్కడి రవాణా సంస్థ మార్టా రైలు 1979 నుంచి ఉంది, సరాసరి ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్తుంది, బాగానే ఉంటుంది. కానీ ఉత్తరాన నార్త్ స్ప్రింగ్స్ దగ్గర పట్టాలు ఆగిపోతాయి. ఆల్ఫరెటాకి మార్టా బస్సే గతి. స్వానీ, డులూత్ ఉన్న గ్విన్నెట్ కౌంటీ 1971లో వద్దంది, 2019, 2020, 2024 ఓటింగుల్లోనూ వద్దనే అంది. అక్కడ కౌంటీ సొంత బస్సులు కొన్ని తిరుగుతాయి. కమ్మింగ్ అయితే కారు ఊరే.

స్టీరింగ్ (జయపురం):

ఇంత లెక్కలెందుకు. అక్కడ బస్సంటే గతిలేనోళ్లది. పిల్లల్ని కారు కొనుక్కోమని రాసేయండి. ట్రాములన్నీ జనరల్ మోటార్స్ వాళ్లే కొనేసి పీకేశారు, అక్కడితో కథ అయిపోయింది.

లెక్కలపద్దు (బరంపురం):

సగమే నిజం బావూ. చిన్న ఊళ్ల బస్సుల్లో ఎక్కువమంది తక్కువ ఆదాయం వాళ్లే, ఒప్పుకుంటాను. న్యూయార్క్ సబ్‌వేలో మాత్రం బ్యాంకు ఆఫీసరూ, గిన్నెలు కడిగే మనిషీ ఒకే కడ్డీ పట్టుకుని నిలబడతారు. ఆ నగరంలో సగానికి పైగా ఇళ్లకి కారే లేదు. శివార్ల నుంచి వచ్చే కమ్యూటర్ రైళ్లలోనైతే డబ్బున్నవాళ్లే ఎక్కువ.

జనరల్ మోటార్స్ కథ. 1949లో కోర్టులో శిక్ష పడ్డది నేషనల్ సిటీ లైన్స్ అనే సిటీ బస్సు కంపెనీల గుంపుకి బస్సులు, టైర్లు, ఆయిలు తామే అమ్మేలా కుమ్మక్కయినందుకు. ట్రాములు పీకినందుకు కాదు. ట్రామ్ కంపెనీలు అంతకుముందే నష్టాల్లో ఉన్నాయి. టికెట్టు పెంచుకోనివ్వరు, పట్టాల మధ్య రోడ్డు బాగుచేసే ఖర్చు వాళ్లదే, పైగా కార్లు అడ్డం. అసలు దెబ్బ 1956 హైవే చట్టం. 41,000 మైళ్ల రోడ్లకి నూటికి 90 రూపాయలు కేంద్రం ఇచ్చింది. బస్సులకి, రైళ్లకి కేంద్రం సాయం కోసం ప్రత్యేకంగా చట్టం వచ్చింది 1964లో. ఆ ఎనిమిదేళ్లలో ఊరి రూపమే మారిపోయింది. ఒక్కో ఇంటికి ఒక్కో పెరడు, దుకాణం వేరే వీధిలో, ప్రతి దుకాణానికి ఇన్ని పార్కింగు గళ్లు ఉండితీరాలని నియమం. అంత పలచగా ఉన్న వీధిలో బస్సు తిప్పితే ఎక్కేవాళ్లు ఉండరు, ఎక్కేవాళ్లు లేరని బస్సులు తగ్గిస్తారు, తగ్గించారని ఉన్నవాళ్లూ కారు కొంటారు.

కారు మాటకొస్తే, ట్రిపుల్ ఏ అనే కారు యజమానుల సంఘం 2024 లెక్క ప్రకారం కొత్త కారుకి తరుగు, వడ్డీ, ఇన్సూరెన్సు, పెట్రోలు అన్నీ కలిపి ఏడాదికి 12,297 డాలర్లు. అంటే నెలకి వెయ్యి పైమాట. స్టూడెంటు కొనే పాత కారుకి అంత పడదు గానీ, అక్కడ డ్రైవింగ్ చరిత్ర లేనివాడికి ఇన్సూరెన్సే దెబ్బ కొడుతుంది. "కొనుక్కోమని రాసేయండి" అనడం మనకి తేలిక.

టైంకీపర్ (రాయగడ):

ఇక్కడ కూర్చుని చూసుకోవడం గురించి అడిగారు కదా. ఒక్కో ఇంటికి అరగంట పని. ఊరి పేరు కొట్టి చూడొద్దు, అపార్ట్‌మెంటు పూర్తి అడ్రసు ఒక వైపు, డిపార్ట్‌మెంట్ బిల్డింగు పేరు ఇంకో వైపు.

గూగుల్ మ్యాప్స్‌లో బస్సు బొమ్మ నొక్కండి. "ఇప్పుడే బయల్దేరు" అన్న చోట టైము మార్చాలి. మనకి పొద్దున్న తొమ్మిదైతే వాళ్లకి రాత్రి, మార్చకపోతే ఆఖరి బస్సు వెళ్లిపోయాక ఉన్న ఊరిని చూసి కంగారుపడతారు. మూడుసార్లు చూడండి: మంగళవారం ఉదయం 8.30, మంగళవారం రాత్రి 10, ఆదివారం ఉదయం 10. మొదటిది మాత్రమే చూసి సంబరపడ్డవాళ్లే తర్వాత ఇబ్బంది పడేది. లైబ్రరీ నుంచో పార్ట్‌టైమ్ పని నుంచో తిరిగొచ్చేది రాత్రి పదికి. సరుకులకి వెళ్లేది ఆదివారం.

ఫలితంలో 35 నిమిషాలు అని పెద్దక్షరాల్లో చూపిస్తుంది. దాన్ని వదిలేసి బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం ఎంతో చూడండి. టైము చూడకుండా స్టాపుకి వెళ్తే సగటున ఆ ఎడంలో సగం నిలబడాలి. పది నిమిషాలకో బస్సు, ఒక మార్పు ఉంటే మొత్తం నిరీక్షణ పది నిమిషాలు. అరగంటకో బస్సు, ఒక మార్పు ఉంటే అదే అరగంట, అదీ సగటున. మొదటి బస్సు నాలుగు నిమిషాలు లేటై రెండోది తప్పిపోతే ఇంకో అరగంట పక్కాగా పోయినట్టే. అందుకే 15 నిమిషాలకి లోపు ఉన్న రూటునే లెక్కలోకి తీసుకోండి. గంటకో బస్సు ఉన్న రూటు, మ్యాపు మీద గీత ఉన్నా, లేనట్టే.

తర్వాత నడక. బస్సుకి 400 మీటర్లు, రైలుకి 800 అనేది అక్కడి ప్లానర్లు మామూలుగా వేసుకునే కొలత. ఆ దూరాన్ని స్ట్రీట్ వ్యూలో అడుగడుగునా చూసుకుంటూ వెళ్లండి. ఫుట్‌పాత్ ఉందా? ఆరు లేన్ల రోడ్డు దాటాలా, దాటితే సిగ్నలు ఉందా? శివారు స్టాపంటే చాలాచోట్ల గడ్డిలో పాతిన ఒక ఇనుపగొట్టం, దానికో చిన్న రేకు బోర్డు. బెంచీ ఉండదు, నీడ ఉండదు. టెక్సాస్ ఎండలో, షికాగో మంచులో ఆ గొట్టం పక్కన ఎంతసేపు నిలబడాలో ముందటి లెక్క చెప్తుంది.

బస్సు సంస్థ సైటులో ఆ రూటు టైంటేబులు పీడీఎఫ్ దింపుకుని ఆఖరి బస్సు టైము రాసుకోండి. సోమ–శుక్ర, శని, ఆది వేరువేరు పేజీల్లో ఉంటాయి. పెద్ద సెలవు రోజుల్లో ఆదివారం పట్టికే నడిపే ఊళ్లు చాలా. మ్యాపులో కనబడేదీ ఆ సంస్థలు ఇచ్చే ఫైలే. 2005లో పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్‌తో గూగుల్ మొదలుపెట్టిన ఆ ఫైలు పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. ఆ ఫైలుతోనే ఒక తంటా కూడా. డ్రైవరు రాక బస్సు రద్దయినా, సంస్థ ఆ కబురు పంపకపోతే ఫైల్లో అది ఉన్నట్టే ఉంటుంది. ఫోన్లో రెండు నిమిషాల్లో వస్తోందని చూపిస్తుంది, తర్వాత మాయమైపోతుంది. దెయ్యం బస్సు అంటారు. బస్సు నిజంగా కదులుతోందో లేదో సంస్థ సొంత ట్రాకింగులో చూస్తే నయం.

షికాగోకి ఇవన్నీ బాగా పనిచేస్తాయి. బ్లూ, రెడ్ లైన్లు రాత్రంతా నడుస్తాయి, బ్లూ లైన్ ఓహేర్ ఎయిర్‌పోర్టు నుంచి యూఐసీ (షికాగోలోని ఇలినాయ్ యూనివర్సిటీ) మీదుగా వెళ్తుంది. ఫుల్‌టైమ్ స్టూడెంట్లకి యూ-పాస్ అనే బస్సు, రైలు పాసు ఉంది, అయితే కాలేజీ ఆ పథకంలో చేరి ఉండాలి. దాని డబ్బు ఫీజులోనే పట్టేస్తారు కాబట్టి ఎక్కకపోతే నష్టం. శివారు నేపర్‌విల్‌లో ఇల్లయితే మెట్రా అనే కమ్యూటర్ రైలు. ఆఫీసు వేళల్లో దండిగా ఉంటాయి, శని ఆదివారాలు పలచన.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ఆ మంగళవారం, ఆదివారం కిటుకు అచ్చంగా కాగితంలో ఎక్కించేస్తాం గురూగారూ. ఎక్కాక ఏం చెయ్యాలో కూడా నాలుగు ముక్కలు చెప్తే పూర్తవుతుంది. టికెట్టు కండక్టరు ఇస్తాడా అని అడుగుతున్నారు.

టైంకీపర్ (రాయగడ):

సిటీ బస్సులో కండక్టరు ఉండడు. మామూలుగా ముందు తలుపు నుంచే ఎక్కాలి. డ్రైవరు పక్కన ఛాతీ ఎత్తున డబ్బుల పెట్టె ఉంటుంది. నోటు మడత లేకుండా సాపు చేసి, ఒక్కొక్కటిగా పెట్టాలి. చిల్లర తిరిగి రాదు. ఐదు డాలర్ల నోటు పెడితే ఐదూ పోయినట్టే. దిగే స్టాపుకి ముందు కిటికీ వారగా వేలాడే తాడు లాగితే గంట మోగుతుంది. లాగకపోతే, స్టాపులో ఎవరూ లేకపోతే, బస్సు ఆగకుండా పోతుంది. చాలా బస్సుల ముందు మూతికి సైకిలు స్టాండు ఉంటుంది, రెండో మూడో పడతాయి. మడిచి ఉన్నదాన్ని కిందికి దించి, చక్రాలు గాడిలో పెట్టి, స్ప్రింగు చెయ్యిని ముందు టైరు మీదికి లాగాలి. డ్రైవరు దిగి సాయం చెయ్యడు. స్టాపు నుంచి ఇల్లు మైలు దూరమైనా సైకిలుతో ఆ ఇల్లు పనికొస్తుంది. అద్దె తేడా అక్కడే మిగుల్చుకోవచ్చు.

న్యూయార్క్‌లో బ్యాంకు కార్డునే గేటు మీద తాకించి వెళ్లొచ్చు. పాత మెట్రోకార్డు అమ్మకం 2025 డిసెంబరుతో ఆపేశారు. 2026 జనవరి 4 నుంచి ఒక ఎక్కుడు 3 డాలర్లు. మొదటి ట్యాపు నుంచి ఏడు రోజుల్లో సబ్‌వే, లోకల్ బస్సులు కలిపి 35 డాలర్లు దాటితే మిగతావి ఉచితం. కానీ ప్రతిసారీ అదే కార్డు తాకించాలి. ఒకరోజు ప్లాస్టిక్ కార్డు, ఇంకోరోజు అదే కార్డు ఎక్కించిన ఫోను వాడితే వాళ్ల యంత్రానికి ఇద్దరు మనుషులు. ఇక్కడి నుంచి తీసుకెళ్లే కార్డయితే బయల్దేరకముందే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేయించండి. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డుల్లో ఈ రెండూ ఆపేసే ఇస్తున్నారు. గేటు దగ్గర ఎర్రలైటు వెలిగి వెనక క్యూ కట్టేది ఇందువల్లే.

పట్టాలబండి (గుణుపూర్):

శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వెళ్లేవాళ్లకి ఒక ముక్క. బార్ట్ రైలు పట్టాల వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. నౌపడ–గుణుపూర్ లైను మీద నేరోగేజ్ పీకి వేసిన బ్రాడ్‌గేజ్ కూడా అంతే. అమెరికాలో మిగతా రైళ్లు దాదాపుగా అన్నీ 1,435 మీదే నడుస్తాయి. కాగితంలో రాయక్కర్లేదు, ఊరికే చెప్పాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అది కూడా రాస్తాం, గుణుపూర్ వాళ్లు సంతోషిస్తారు. ఒక్క సందేహం మిగిలింది. జెర్సీ సిటీ జర్నల్ స్క్వేర్ దగ్గర గది చూసుకుని న్యూయార్క్‌లో చదివే అమ్మాయికి ఆ 35 డాలర్ల హద్దు వర్తిస్తుందా?

లెక్కలపద్దు (బరంపురం):

సబ్‌వే భాగానికే. జెర్సీ సిటీ నుంచి నది దాటించేది పాత్ రైలు, అది వేరే సంస్థది. దాని ఛార్జీ వేరు, సబ్‌వేకి మారితే మళ్లీ మొదటి నుంచి 3 డాలర్లు. పాత్‌లో పెట్టిన డబ్బు ఆ 35లోకి చేరదు. ఒకే కార్డు రెండు గేట్ల దగ్గరా పనిచేస్తుంది కాబట్టి ఒకటే టికెట్టని పొరబడతారు. పాత్ రాత్రంతా నడుస్తుంది గానీ, పొద్దుపోయాక బళ్ల మధ్య ఎడం బాగా పెరుగుతుంది. ఆ అమ్మాయి కాలేజీ పాత్ దిగే స్టేషన్ల నుంచి, అంటే వరల్డ్ ట్రేడ్ సెంటర్ నుంచో 9, 14, 23, 33వ వీధుల నుంచో నడిచివెళ్లే దూరంలో ఉంటే రెండో ఛార్జీ తప్పుతుంది. మీ కాగితంలో జెర్సీ సిటీ గడిలో పాత్ ఒక వరుస, సబ్‌వే ఇంకో వరుస వేసి, రెండూ కూడి చూపించండి.